చివరి పదం

"ఆ కాలర్ గట్టిగా రుద్దు, ఇవాళ ఫొటోలు తీస్తారు" అన్నాడు మొగుడు. ఆమె ఇస్త్రీపెట్టె ఆనించి రుద్దింది. కోతా కుట్టూ లేకుండా ఒంట్లోని గడ్డల్ని చూపించే యంత్రం తయారుచేసిన ఇంజనీరు అతను. ఆ యంత్రం పుట్టింది మాత్రం ఆమె సమీకరణంలోంచి. కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంట్లో అంట్లు తోమి, మధ్యలో చిక్కిన కాసేపట్లోనే విద్యుదయస్కాంత తరంగం మాంసంలో ఎలా నడుస్తుందో తేల్చింది. సమీకరణం కదా, ఇద్దరూ సమమనుకుంది పిచ్చిది. ఇవాళ్టి సభ ఆహ్వానపత్రంలో అతనిది ఆవిష్కరణ, ఈమెది సహకారం. సహకారమంటే మొగుడికి కారం సరిపోయేలా వండటం కాబోలు.

"సమీకరణంలో చివరి పదం ఉంచారు కదండీ?"

"చిన్నదేగా, తీసేశా. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఇంకో ఏడాది పట్టేది."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. బల్లమీది నమూనాలో ఆ పదం చీమంతే. యంత్రం పెరిగేకొద్దీ అదీ పెరిగి, మనిషి పట్టేంత యంత్రంలో ఏనుగైపోతుంది. అది వేడిని లెక్కగట్టే పదం. పడుకున్న మనిషి లోపల్లోపలే ఉడికిపోవచ్చు. ఇవాళ మొట్టమొదట పడుకోబోయేది అత్తయ్య.

ఆ మాటే చెప్పింది. నీ సిద్ధాంతం మొదలైతే రాద్ధాంతమే, అమ్మ ముందు నోరు విప్పకు అని చొక్కా లాక్కుపోయాడు.

హాల్లో వెనక కుర్చీలో కూర్చుంది. ఎలక్ట్రానంత నలుసుకి కూడా ఆవేశం ఉంటుంది, తనకే లేకపోయింది. లెక్క తప్పయితే ఇక జన్మలో తనని ఎవరూ లెక్కచెయ్యరు. ఇప్పుడు మాత్రం ఎవరు చేస్తున్నారు గనక? ఈ పిచ్చిగీతలు కూడు పెడతాయా అని కొత్తకాపురంలో అడిగింది ఈ అత్తయ్యే. ఆవిడ యంత్రంలో పడుకుంది. దుప్పటి కింద పాదాలు కదులుతున్నాయి. రోజూ నూనె రాసే పాదాలు అవి. చలికి వణికితే ఎలా ఉంటాయో, భయానికి వణికితే ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. మొగుడి వేలు మీట మీదికి వెళ్లింది.

ఆమె లేచింది. యంత్రం దగ్గరికి నడిచింది. నలుగురిలో పరువు తీయకు, వెళ్లి కూర్చో అని పళ్లబిగువున అన్నాడు అతను. ఆమె అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"లేవండి అత్తయ్యా."

"అదేంటే, వాడు కష్టపడి కనిపెట్టింది కదా. భయం దేనికి?"

"కనిపెట్టింది నేను అత్తయ్యా. అందుకే లేవమంటున్నా."