అలుపు రాని పిల్ల

"మాట్లాడండే! నోళ్లు మూసుకుని పరిగెత్తితే ఎట్లా?" విజిల్ నోట్లోంచి తీసి అరిచింది మేరీ టీచర్.

ఇదేం విడ్డూరమో! సోమందేపల్లి హైస్కూల్లో తక్కిన టీచర్లంతా పిల్లల్ని నోర్మూసుకోమంటారు, ఈవిడొక్కతే మాట్లాడమంటుంది. జతలు జతలుగా గ్రౌండు చుట్టూ పరిగెత్తాలి. రాత్రి ఏం తిన్నదీ, ఎవరితో కొట్లాడిందీ పక్కపిల్లకు చెబుతూ పోవాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు, తగ్గించుకోవాలి. ముందు గుండె గట్టిపడాల, కాళ్లు తర్వాత అంటుంది. ఆ ముక్క ఆఫీసురూములో ఎవరి చెవికీ ఎక్కలేదు. వాళ్ల లెక్కలో పీఈటీ అంటే ప్రార్థనలో వరసలు సరిచేసే మనిషి, గుడ్లు పంచేచోట తోపులాట ఆపే మనిషి. పరీక్షలొస్తే ఆమె పీరియడు లెక్కల సారుకు పోతుంది. అడగరు, తీసుకుంటారంతే. అంతకుముందు పనిచేసిన పెనుకొండలోనూ ఇదే బతుకు, గోరంట్లలోనూ ఇదే. హిందూపురం నుంచి బస్సులో నిలబడి వస్తుంది, ఎంత తుడిచినా పోని దుమ్ముతో మళ్లీ బస్సెక్కుతుంది. మోకాలు పట్టేసినప్పటి నుంచి పరిగెత్తించడమే గానీ తను పరిగెత్తలేదు.

ప్రశాంతి ఈరోజు కూడా రాలేదు. తొమ్మిదో తరగతి, సన్నటి పిల్ల. మొదట్లో సగం గ్రౌండుకే కడుపు పట్టుకుని కూలబడేది. ఏడాది తిరిగేసరికి అందరూ ఆగిపోయాక కూడా ఒక్కతే తిరుగుతూ ఉండేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మేరీకి ఇట్లాంటి పిల్ల దొరకలేదు. స్పోర్ట్స్ హాస్టలు ఎంపికలు సోమవారం ధర్మవరంలో. బడి మొత్తానికి పంపింది ఈ ఒక్క పేరే.

ఒంటిపూట బడి వదలగానే ఎండలో కుంటుకుంటూ వాళ్ల ఇంటికి పోయింది.

వాకిట్లో తల్లి మారక్క చెనక్కాయలు ఒలుస్తోంది. లోపల పెద్దకూతురు నిండు కడుపుతో పడుకుని ఉంది. ప్రశాంతి అద్దం ముందు జడ వేసుకుంటోంది. మెడలో అక్క ఫోటో ఉన్న కార్డు.

"పెద్దది గార్మెంట్సులో చేస్తాండె మేడం. కాన్పుకొచ్చింది. మానుకుంటే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారంట. అందుకే దాని కార్డు మీద ఇది మధ్యాన్నం షిఫ్టుకు పోతాండాది. అర్ధరాత్రి ఇల్లు చేరితే పొద్దున బడికెట్ల వస్తాది? ఇద్దరూ ఒకే అచ్చు కదా, ఎవురూ కనుక్కోలే."

"ఇంత చిన్నపిల్లనా! సోమవారం ధర్మవరం పోవాల మారక్కా. సెలెక్టయితే చదువు, తిండి అంతా వాళ్లే చూస్తారు."

"రెణ్ణెల్లే మేడం. బిడ్డ పుట్టినంక అది పనికి పోతాది, ఇది మీతో వస్తాది."

"అంతవరకూ వాళ్లు ఆగరు కదమ్మా."

 మారక్క ఒలిచిన గింజలు చేటలో పోసి, మొహం విప్పార్చుకుని అంది. "అంతా మీ పుణ్యమే మేడం. ఆడ షిఫ్టంతా నిలబడాలంట. కొత్త పిల్లోళ్లు కళ్లు తిరిగి పడిపోతాండారంట. మా పిల్ల రొంత కూడా అలిసిపోలేదని సూపర్‌వైజరు మెచ్చుకున్యాడు. ఎవురు నేర్పించినారని అడిగితే మీ పేరు చెప్పిందంట."

మేరీ గుమ్మంలోంచి లోపలికి చూసింది. ఫిర్యాదు చేయొచ్చు. చేస్తే లోపలున్న గర్భిణి ఉద్యోగం ఊడుతుంది, ఈ పిల్ల బడికొస్తుందన్న నమ్మకమూ లేదు. దేవుడా, ఎవరిని తిట్టాలి?

"ధర్మవరం వస్తావా పాపా?" అని అడిగింది.

ప్రశాంతి తల్లి వైపు చూసింది. "అక్క కాన్పు కానీ మేడం."

రోడ్డు దాకా టీచరూ పిల్లా కలిసే నడిచారు. చేతిలోని అన్నం డబ్బా కల్వర్టు మీద పెట్టి, పిల్ల చున్నీ సర్దుకుంటోంది. అంతలో కంపెనీ వ్యాను వచ్చి, వాళ్లను దాటుకుని ఎక్కడో ముందుకు పోయి ఆగింది. అక్కడ నిలబడ్డ ఇద్దరు ఎక్కగానే మళ్లీ కదిలింది.

"ఆపన్నా!" అంటూ ప్రశాంతి పరుగందుకుంది. భుజాలు వదులుగా, అడుగు తప్పకుండా, నేర్పినది నేర్పినట్టు. అందకూడదు, ఈ ఒక్కసారి వెనకబడితే బాగుండునని మేరీ తన ప్రభువును గట్టిగా వేడుకుంది. పిల్ల అందుకుంది. ఎవరిదో చెయ్యి లోపలికి లాగింది, తలుపు మూసుకుంది.

కల్వర్టు మీద స్టీలు డబ్బా ఉండిపోయింది. మేరీ చేతిలోకి తీసుకుంటే, లోపలి చిత్రాన్నం ఇంకా వెచ్చగా తగులుతోంది.