రాతికట్ట మీద వంతు

జనవరి వరద తగ్గగానే చేపల కట్టలో వాటాదారులంతా మిన్యు నదిలోకి దిగి, కొట్టుకుపోయిన రాళ్లు వెతికి తెచ్చి, కట్ట మళ్లీ పేర్చుకోవడం ఆ ఊరి రివాజు. రాయి ఎత్తని ఇంటికి ఆ ఏడు వల వేసే వంతు ఉండదు. ఈ సంగతి దెవోలిందాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సిందల్లా రాళ్లెత్తేది ఏ రోజన్నదే. అది చెప్పాల్సిన తమ్ముడు అబీలియో చెప్పలేదు. బట్టలు ఆరేస్తుంటే ఏటివైపు నుంచి సుత్తుల చప్పుడు వినిపించి ఆమె పరుగెత్తుకెళ్లేసరికి కట్ట పూర్తయింది. మగాళ్లు ఒడ్డున కూర్చుని ద్రాక్షసారా తాగుతున్నారు.

"నాకెందుకు కబురు పెట్టలేదురా?"

"బావ ఉన్నన్నాళ్లూ బావ వచ్చాడు. ఇప్పుడు నువ్వేం రాళ్లెత్తుతావక్కా, నడుం పట్టేస్తుంది," అన్నాడు అబీలియో, ఆమె నడుం మీద పుట్టెడు బెంగ ఉన్నవాడిలా.

వాటాదారుల్లో పెద్ద జెఫెరీను తాత. తగువులు తీర్చేదీ ఆయనే. ఏటా వలలో పడ్డ మొదటి చేప అబీలియో ఇంటినుంచి ఆయన గుమ్మంలోకి నడిచొస్తుంది కనక, ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు.

"రివాజు రివాజేనమ్మా. నువ్వు ఒప్పుకోనంటే తగువు తేలనట్టే. ఈస్టర్ లోపల మీ రెండిళ్లూ ఒకే కుండలో లాంప్రే తింటే తీరిపోయినట్టు, నీ వంతు ఇక తమ్ముడిదే. తినకపోతే ఈస్టర్ తర్వాత అందరం కూర్చుందాం."

ఆ ఊళ్లో తగువులు అలాగే తీరతాయి. కాగితాలు లేవు, సంతకాలు లేవు. తిన్న నోరు మళ్లీ తెరవకూడదు, అంతే.

లాంప్రే అంటే వాళ్లకు చేప కాదు, పరువు. చూడబోతే పాములా ఉంటుంది. దవడ లేదు, ఎముక లేదు, గుండ్రటి నోటినిండా పళ్లు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చి, రాతికట్ట సందుల్లో వలకు చిక్కుతుంది. ఒకప్పుడు మఠంలో సన్యాసులు ఉపవాసాల పేరు చెప్పి బలిసినవన్నీ పట్టుకుపోయేవాళ్లు. ఎక్కడో ఒక రాజు అది తెగతిని చచ్చాడని కూడా చెప్పుకుంటారు. చెప్పుకుని, అంతకంటే మంచి చావు ఎవరికొస్తుందని నవ్వుకుంటారు. దెవోలిందా తల్లిలాంటి వాళ్లకు దక్కింది మాత్రం కుండ అడుగున మిగిలిన మెతుకులే. ఆవిడ చన్నీళ్లలో మగాళ్లతో సమానంగా రాళ్లెత్తి ఆ వంతు నిలబెట్టుకుంది. పోయేముందు అందరూ వింటుండగా, తండ్రి వంతు కొడుక్కి, నా వంతు కూతురికి అని చెప్పి పోయింది. అబీలియో కూడా విన్నాడు. ఆ రోజు ఏడ్చాడు కూడా.

మార్చిలో వాడే ఒక బకెట్ పట్టుకుని వచ్చాడు. లోపల లాంప్రే నోటితో బకెట్ గోడను పట్టుకుని వేలాడుతోంది.

"నీ మేనల్లుడి నిశ్చితార్థం అక్కా. మోన్సావు నుంచి వియ్యాలవారు వస్తున్నారు. గ్రాసా చేత వండిస్తే సంబంధం తప్పిపోతుంది."

"నీ పెళ్లాం వంట తిని నువ్వు ఇన్నేళ్లు బతికున్నావుగా!"

"దీన్ని బతకడం అంటారా అక్కా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్లు మండింది. వీడు వచ్చింది వంటకోసం ఒక్కటే కాదని ఆమెకు తెలుసు. వండే మనిషి ఉప్పు చూడకుండా ఉంటుందా, పులుసు నాలుక మీద వేసుకోకుండా ఉంటుందా! ఒక్క చుక్క చాలు వాడికి.

"వండుతాను. తినను. ఉప్పు కూడా చూడను. నేను ముట్టలేదని అందరూ చూస్తారు."

"నీ ఇష్టం," అన్నాడు వాడు. అంత తేలిగ్గా అన్నందుకు ఆమెకు అనుమానం రావాల్సింది, రాలేదు.

నిశ్చితార్థం రోజు పొద్దున్నే దెవోలిందా వెళ్లి గ్రాసా వంటింట్లో దిగింది. చేపను మరిగే నీళ్లలో ముంచి జిగురంతా గీకింది. మెడ దగ్గర గాటుపెట్టి నెత్తురు చుక్క పోకుండా వెనిగర్ కలిపిన ఎర్రసారాలోకి పట్టింది. పేగు తెగితే వంటంతా చేదెక్కుతుంది కనక, ఊపిరి బిగబట్టి చివరిదాకా ఒకే తీగలా లాగింది. వెల్లుల్లి, ఉల్లి, బిర్యానీ ఆకు వేసి, ఆ నెత్తుటి సారాలోనే బియ్యం ఉడికించింది. గ్రాసా పక్కనే నిలబడి గరిటె అందిస్తూ, "ఒక్కసారి చూడు వదినా, ఉప్పు ఎక్కువైతే నా పరువు పోతుంది," అని నాలుగుసార్లు అంది.

"నువ్వే చూడు. నీకూ నాలుక ఉందిగా, ఊరంతా వింటూనే ఉంటుంది."

బల్ల దగ్గర మొదటి ముద్దకే వియ్యంకుడు సెర్వాండు కళ్లు మూసుకున్నాడు. "ఎవరిదండీ ఈ చెయ్యి?"

"మా అక్కది. రా అక్కా, వచ్చి కూర్చో. నువ్వు తినకపోతే మాకు మింగుడుపడుతుందా?"

"పడుతూనే ఉందిగా. నాకు ఆకలి లేదు."

వాటాదారులంతా బల్ల చుట్టూ ఉన్నారు, అందరూ విన్నారు. జెఫెరీను తాత చెంచా ఒక క్షణం ఆగింది. దెవోలిందా చేతులు కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. జనవరి తర్వాత ఆమెకు మనసు కుదుటపడింది ఇప్పుడే. చూడండి, బాగా చూడండి, నేను తినలేదు అనుకుంది.

అప్పుడు వీధితలుపు తీసుకుని ఆమె కొడుకు నార్సీజు వచ్చాడు. తల దువ్వుకున్నాడు, కొత్త చొక్కా తొడుక్కున్నాడు. వాడికోసం ఒక కుర్చీ ముందే ఖాళీగా ఉంచి ఉంది. వాడు కూర్చునేలోపే గ్రాసా పళ్లెం పెట్టేసింది.

"ఒరేయ్, ముట్టుకోకు!"

నార్సీజు తలెత్తి తల్లిని ఒక్కసారి చూశాడు. తెలియక వచ్చినవాడి చూపు కాదది. తర్వాత పళ్లెంలోకి చూసి చెంచా ముంచాడు.

"ఏం చేసుకుంటామమ్మా ఆ రాళ్లు?" అన్నాడు నోటినిండా పెట్టుకుని. "సోమవారం నుంచి మామయ్య కలప కోతమిల్లులో పనిలోకి రమ్మన్నాడు. వంతు వంతు అని చలికాలమంతా నా బుర్ర తిన్నావు. ఇక చాలు."

జెఫెరీను తాత మీసం తుడుచుకున్నాడు. "ఆ ఇల్లు తిన్నట్టే. తగువు తీరింది."

"ఏం తగువండీ?" అన్నాడు సెర్వాండు.

"ఏం లేదు బావగారూ, ఇంట్లో మాట. తాగండి," అని అబీలియో ఆయన గ్లాసు నింపాడు. నింపుతూ అక్క వైపు చూడలేదు. ఆ మాత్రం సిగ్గు మిగిలింది వాడికి.

నార్సీజు పళ్లెం ఖాళీ అయింది. తల దించుకునే పళ్లెం ముందుకు తోశాడు. "ఇంకాస్త వెయ్యమ్మా."

దెవోలిందాకు ఆ పళ్లెం వాడి మొహాన కొట్టాలనిపించింది. కానీ వాడు అడిగాక ఆమె చెయ్యి కుండవైపు వెళ్లకుండా ఎన్నడూ ఆగలేదు, ఇవాళా ఆగలేదు. గరిటెనిండా ముంచి, నడుము దగ్గరి బలిసిన ముక్కలు ఏరి మరీ వేసింది.

"తిను నాయనా," అంది. "మీ అమ్మమ్మ చన్నీళ్లలో ఎత్తిన రాళ్లు. ఒక్కటీ మిగల్చకుండా తిను."