లోపల వదిలిన గుడ్డ

టైలరక్క కొట్లో ఒక పద్ధతి ఉంది. ఏ జాకెట్టు కుట్టినా పక్క కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి వదులుతుంది. ఒళ్లొస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ఆ ఒక్క గుణానికే వీధి వీధంతా ఆమె గడప తొక్కుతుంది.

వేలాడే పైరెప్పలను అద్దంలో చూసుకుని చూసుకుని విసిగి ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు కూడా బుర్రలో అదే పద్ధతి. డాక్టరు రెప్ప మీద పెన్నుతో గీత గీసి, "ఇంత చాలమ్మా" అన్నాడు.

"ఇంకాస్త బిగించండి సార్" అని ఆయన ప్రాణం తీసింది. ఎక్కువైతే విప్పించుకోవచ్చులే అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. రోజూ గీతల మీద కత్తెర నడిపే మనిషి, ఆ గీత దేనికో అడగలేదు. ఖర్మ కాకపోతే ఏమిటి!

కుట్లు తీశారు. వాపు తగ్గింది. "పదేళ్లు వెనక్కి వెళ్లావక్కా" అని ఆడవాళ్లంటే ఉబ్బితబ్బిబ్బయింది. పొద్దున లేస్తే మాత్రం కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. మానేటప్పుడు అంతేనని సరిపెట్టుకుంది. పడుకునే ముందు కళ్లకు రాసుకోమన్న మందు దిండుకు జిడ్డంటుతుందని మానేసింది.

ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మంచం పక్కన భర్త నిలబడి ఉన్నాడు. మొహాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఇందాకట్నుంచీ నీతో మాట్లాడుతున్నా. నా వైపే చూస్తున్నావు, పలకట్లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా." గొంతు తగ్గించాడు. "తర్వాత గురక పెట్టావే. కళ్లు తెరుచుకునే."

"మంచిదేలెండి. నిద్రలో కూడా మీ మీద ఓ కన్నేసి ఉంచొచ్చు" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రం సూదిలోకి దారం ఎక్కలేదు. కొస తడిపింది, నలిపింది, లైటు కిందికి జరిగింది. సూదికి రెండు బెజ్జాలు కనిపిస్తున్నాయి, రెండూ పొగలో ఉన్నట్టున్నాయి. చూపు పోతే ఈ చేతులు దేనికి?

మర్నాడు డాక్టరు కళ్లు మూసుకోమన్నాడు.

"పూర్తిగా మూయండమ్మా."

"మూసుకున్నా సార్."

ఆయన లైటు వేసి రెండు కళ్లూ చూశాడు. "నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడింది. రాత్రి మందు రాస్తున్నారా?"

"కాస్త కుట్టు విప్పి వదులు చెయ్యండి సార్. లోపల మడిచిపెట్టిన చర్మం ఉంటుందిగా?"

"మడిచిపెట్టడమేంటి? కోసేశాం కదమ్మా. పారేశాం."

చెవి వెనక చర్మం తీసి రెప్పకు అతుకు వేయాలన్నాడు. పుండు మానినా మచ్చ ఉంటుందని, చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. ఆమె ఇంక వినలేక, చూడలేక, గట్టిగా కళ్లు మూసుకుంది.

రెప్పల సందులోంచి, మసకగా, ఆయన తెల్లకోటు కనిపిస్తూనే ఉంది.