గిరిజ నడక, పది కిలోల బియ్యం

నడిచేవాళ్లు దారిలోని దుకాణాల్లో ఎక్కువ కొంటారని గిరిజ తన థీసిస్‌లో ఘనంగా రాసింది. "ఆధారమేదీ?" అన్నాడు ప్రొఫెసర్. లాక్‌డౌన్‌లో ఆమె చదివే జర్మన్ ఊరు కాట్‌బస్ వీధులన్నీ ఖాళీ, గడువేమో రేపే.

బియ్యం మూటతో ఆమె ట్రామ్ దిగగానే జూనియర్ ధీరజ్ కారాపాడు.

"ఎక్కక్కా!"

"ఎక్కితే నా థీసిస్ పరువేం గాను? ఇంటికి పది నిమిషాల నడకేగా!"

"ఆ లెక్క బియ్యం లేకుండా కదక్కా!" అని నవ్వి వెళ్లిపోయాడు.

నిజమే, కొలిచిన రోజు ఆమెవి వట్టి చేతులు. ఇప్పుడు ఆయాసం తీరడానికి బేకరీ దగ్గర ఆగి బన్ను కొంది, మలుపులో కాఫీ తాగింది, పూలకొట్టు ముందు మూట దించి, ఊరికే నిలబడితే బాగోదని పూలు కొంది.

ఇంటికి రాగానే మాస్కయినా తీయకుండా థీసిస్‌లో ఆధారాల పట్టిక నింపింది: నడిచినవారు ఒకరు, కొన్న దుకాణాలు మూడు. ఆగిన కారణం దగ్గర 'వీధి అందం' అని రాయబోయి, సిగ్గేసి, 'బియ్యం' అని రాసింది.