చల్లని మోటరు

సిరిసిల్లలో జలపతి గొంతు తెలియని వాడ లేదు. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. పదో తరగతి చదివే కూతురు రచనకు బడిలో 'ఆలోచన' అని కొత్త పీరియడ్ పెట్టారని విని కడుపుబ్బ నవ్వాడు.

"ఆలోచించుడు గూడ నేర్పుతరా బిడ్డా? రేపు తుమ్ముడు గూడ నేర్పుతరేమో!"

ఫిర్దోస్ టీచర్ చెప్పే ఆ పాఠానికి పుస్తకం లేదు, మార్కులు లేవు. ఏ మాట చెవిన పడ్డా నమ్మేముందు, నీకెట్ల తెలుసని అడగాలి. అంతే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. సాంచెలు, అంటే మరమగ్గాలు, ఊరంతా బందు. ఒకనాడు మధ్యాహ్నం దీక్షా శిబిరంలో ఎవరో అన్నారు, అమీనుద్దీన్ షెడ్డులో సాంచెలు నడుస్తున్నాయట అని. జలపతి ఊరుకుంటాడా? "నడుస్తున్నయ్! నా చెవులార విన్న" అనేశాడు. వినలేదు, పాడూ లేదు. పదిమందిలో ఊపు కోసం అన్నాడు. ఆ ఊపుకు ఇరవై మంది లేచారు. సాంచెలకెక్కించిన బీముల మీది పడుగు నూలు కోసి పారేద్దామని కత్తి తెచ్చి జలపతి చేతిలోనే పెట్టారు.

అమీనుద్దీన్ కోరుట్ల పోయాడు. ఇంట్లో ఉన్నది అతని తల్లి రాబియా బీ ఒక్కతే. ముసలామె షెడ్డు తాళం తీసింది. అంతలో గుంపును చూసి రచన ఉరికొచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"బాపూ, నువ్వు విన్నవా?"

"జరుగు బిడ్డా."

"పొద్దటి సంది కరెంటే లేదు గద. సాంచె ఎట్ల నడుస్తది?"

"జనరేటర్ పెట్టిండేమో!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"అయ్యుండచ్చు. మోటరు పట్టి చూడు బాపూ. నడిస్తె వేడుంటది."

ఇరవై ఏళ్లుగా సాంచెలు నడిపిన మనిషికి ఆ మాత్రం తట్టలేదు, ఏం చెప్పమంటారు! జలపతి లోపలికి పోయి నాలుగు మోటర్ల మీదా చెయ్యి వేశాడు. నాలుగూ చల్లగా ఉన్నాయి. అరచేతి నిండా దుమ్ము అంటింది. జనరేటర్ ఊసే లేదు. బీముల మీద నిండుగా ఉన్న నూలు చూసేసరికి చేతిలోని కత్తి కింద పెట్టేశాడు. ఒక సంసారం కూడు ఈ చేత్తోనే కోసేవాణ్ణి కదా అనుకున్నాడు. బయటికొచ్చి అందరి ముందే బిడ్డ తల నిమిరాడు.

మర్నాడు శిబిరంలో మైకు అందుకున్నాడు.

"నేను వినలే. విన్నని అబద్ధం చెప్పిన. నా బిడ్డ అడ్డం రాకపోతే అమీనుద్దీన్ బీములు నేనే కోసేటోన్ని. దానికి గట్ల అడుగుడు నేర్పి నన్ను గా పాపం నుంచి తప్పించింది నువ్వే ఫిర్దోస్ టీచరమ్మా, నీ కడుపు సల్లగుండ."

ఆడవాళ్ల వరుసలో కూర్చున్న ఫిర్దోస్ టీచర్ కళ్లొత్తుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కోరుట్ల నుంచి తిరిగొచ్చిన అమీనుద్దీన్ ముందు వరుసలోనే ఉన్నాడు.

"మా అమ్మ నిన్నటి సంది ముద్ద ముట్టలే జలపతన్నా" అన్నాడు.

జలపతి మైకు పక్కన పెట్టి, చెప్పులేసుకుని శిబిరం దాటాడు.

"యాడికే?" అడిగాడు అమీనుద్దీన్.

"అమ్మ తానికి. గిదే మాట ఆమెకు గూడ చెప్పాలె."

అమీనుద్దీన్ లేచాడు. "ఆగు, నేను గూడ అస్త" అన్నాడు.