ముడుల దారం

బురుల్చా తడిగుడ్డ పిండి, వసారా మూల నుంచి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఆ పిల్లల ఆసుపత్రిలో ఆమె వంగి తుడవని గచ్చు లేదు. వేళ్ళు సబ్బునీళ్ళకు నాని పాలిపోయాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. మట్టిబుర్రకు అంతకంటే మంచి పని ఎవరిస్తారులే అని బిష్కెక్‌లో అందరూ అన్నారు, పాపం తనూ అదే అనుకుంది.

డాక్టర్ నుర్జాత్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అక్క అనార్కుల్, ఆమె మనవరాలు ఐదాయ్. పిల్ల తలకు తీగల టోపీ, ఎదురుగా తెర మీద రెండు చుక్కల గుంపులు. ఏది పెద్దదో చూడగానే చెప్పాలి. పిల్ల వేలెత్తి, దించి, ఏడుపుమొహం పెట్టింది. బయట నిలబడ్డ బురుల్చాకూ ఏది పెద్దదో తెలియలేదు.

"ఎంత, ఎన్ని అని పసిగట్టే చోటు తలలో ఒకటుంటుంది. పాపకి అది నెమ్మదిగా పలుకుతోంది," అంది డాక్టర్. "మాట, జ్ఞాపకం, చదువు అన్నీ చూశాను, తెలివికేం లోటు లేదు. నేర్పే తీరు మార్చాలంతే. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా చెల్లికి ఉంది. చిన్నప్పుడు రష్యన్ డాక్టరమ్మ అచ్చం ఇలాగే చెప్పింది."

"ఆవిడకి తెలుసా?"

"చెప్తే వేరే బడికి పంపాలిగా! అమ్మ మంచాన పడింది, నాకేమో లెక్కల టీచరు చదువు. ఇల్లెవరు చూస్తారు? మట్టిబుర్రవే అంటే కిక్కురుమనకుండా పడుండేది."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనేమో.

బురుల్చాకు కొత్తకోడలిగా అత్తింట వడ్డించిన తొలి విందు గుర్తొచ్చింది. వేట మాంసం వయసు ప్రకారం ఒక్కొక్కరికి ఒక్కో ఎముకగా పంచాలి. ఆమె లెక్క తప్పింది. అందరిలోకీ పెద్దాయన పళ్ళెం ఖాళీగా మిగిలిపోయింది. ఆయన విందు వదిలి లేచి గుర్రమెక్కాడు. మర్నాడే అత్త ఆమెను పుట్టింటికి తోలేసింది. అప్పుడు అక్కున చేర్చుకున్నది అక్కే. ప్రతి విందుకూ అతిథికో ముడి చొప్పున దారం కట్టి ఇచ్చేది, ముడికో ఎముక వడ్డించమని. ఆ దారం చూసినప్పుడల్లా బురుల్చా అక్కను చల్లగా ఉండమని దీవించేది.

అనార్కుల్ ఐదాయ్‌తో బయటికొచ్చి సంచిలోంచి దారం తీసింది.

"ఇంద. మధ్యాహ్నం వియ్యాలవారొస్తున్నారు. ఎవర్నీ మర్చిపోకు, మట్టిబుర్రా!"

"అక్కా, నా కాపురం కూలినప్పుడైనా చెప్పకపోయావా?"

అక్క దారం ఆమె చేతిలో కుక్కింది. "ఇప్పుడవన్నీ ఎందుకే? నీకు తిండి పెట్టలేదూ?"

"పెట్టావు."

బురుల్చా వంగి ఐదాయ్ గడ్డం పట్టుకుంది. "నువ్వు మట్టిబుర్రవి కాదమ్మా. మీ నానమ్మ అన్నా సరే, నమ్మకు."

మధ్యాహ్నం అనార్కుల్ ఇంట్లో వియ్యాలవారు చేతులు కడుక్కుని వరసగా కూర్చున్నారు. "బురుల్చా, వడ్డించవే!" అని అనార్కుల్ కేకేసింది. మళ్ళీ కేకేసి, వంటగదిలోకొచ్చింది. మేకుకు చెల్లి తలగుడ్డ లేదు, గుమ్మంలో చెప్పులు లేవు. అప్పటికే బురుల్చా ఎక్కిన, కొండల్లోని నరిన్ పట్నానికి పోయే బస్సు ఊరు దాటింది.

పొయ్యి మీద మాంసం చక్కగా ఉడికి ఉంది. మూత మీద దారం పడుంది. ముడులన్నీ ఓపిగ్గా విప్పేసినా, వంకర్లు మాత్రం అలాగే మిగిలాయి.