ఆరో నంబరు మిషన్‌కు కుంకుమ

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా, విత్తనాల అంగడి పై అంతస్తులో, ఎనిమిది కంప్యూటర్లున్న ఇన్‌స్టిట్యూట్ ఒకటుండేది. దాని యజమాని విష్ణువర్ధన్. శెనక్కాయల వ్యాపారం, రాజకీయం రెండూ చూసుకునే మనిషి కాబట్టి ఎప్పుడో గాని మెట్లెక్కేవాడు కాదు. పాఠం చెప్పేదీ, మిషన్లు చూసుకునేదీ అంతా ఓబుళేసే. తన ఊళ్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి అతను. బీయస్సీ, ఫస్ట్‌క్లాసు. ఆ సంగతి ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజే చెప్పేవాడు. బస్సెక్కితే కండక్టరు కూడా "కంప్యూటర్ సారుకు కొంచెం జరగండప్పా" అనేవాడు. ఆ మాట విన్న పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ పోయేది.

అటువంటి మనిషి కడుపులో 2001లో నిప్పు పడింది. ఆ నిప్పు పేరు రెబెకా.

శింగనమల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఏడాది కిందట అతని దగ్గరే చేరింది. మౌస్ పట్టుకోవడం అతనే నేర్పాడు. ఆర్నెల్లు తిరక్కముందే ఒకరోజు ఎవరో తెచ్చిన ఫ్లాపీ వల్ల మూడో నంబరు మిషన్‌కు వైరస్ తగిలింది. మొత్తం చెరిపేసి మొదటి నుంచీ ఎక్కించాల్సిందే అన్నాడు ఓబుళేసు. "ఒక్క గంట నాకిడిసిపెట్టండి సార్" అని రెబెకా దాని ముందు కూర్చుంది. గంట కాకముందే వైరస్ పోయింది. ఒక్క ఫైలూ పోలేదు. విష్ణువర్ధన్ ఆమెను ల్యాబ్ అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. అప్పట్నుంచి పిల్లలు సందేహం వస్తే ఓబుళేసు ముందు నుంచే నడిచి, అతన్ని దాటి, "అక్కా, ఇది చూడుక్కా" అని ఆమె దగ్గరికి పోయేవాళ్లు. వాళ్లు దాటిన ప్రతిసారీ అతనికి ఎవరో భుజం తగిలించి పోయినట్టుండేది.

అట్ట చిరిగిన 'సి' ప్రోగ్రామింగ్ పుస్తకం ఒకటి పెట్టుకుని, ఆమె మార్కులకూ సర్టిఫికెట్లకూ ఒక ప్రోగ్రాం రాసింది. ఆ పని చేసే ప్రోగ్రాం అప్పటికే ఒకటుంది. మూడేళ్ల కిందట ఓబుళేసు రాసింది. అది చాలదని ఎవరూ అనలేదు. కానీ విష్ణువర్ధన్ కొత్తది చూసి, "దసరా నాడు తల్లిదండ్రులొస్తారు గదా, దీంతోనే సర్టిఫికెట్లు కొట్టిద్దాం" అన్నాడు. పోతూ పోతూ మెట్ల మీద ఇంకో మాటన్నాడు.

"గోరంట్లలో బ్రాంచి తెరుస్తాండానప్పా. ఇన్‌చార్జిగా నిన్ను పంపాలనుకున్యా. ఇప్పుడు ఆ పాపను పంపితే ఎట్లుంటాదని చూస్తాండా. దసరా కానీ, చెప్తా."

ఐదేళ్లుగా ఓబుళేసు ఎదురుచూసిన బోర్డు అది. తలుపు మీద తన పేరు, పేరు కింద బీయస్సీ, దాని కింద ఇన్‌చార్జ్. ఆ రోజు మధ్యాహ్నం క్యారియర్ తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

మహర్నవమి రోజు ఆయుధపూజ. ముందురోజే రెబెకా ఎనిమిది కీబోర్డులూ ఊడదీసి, దూదితో సందుసందునా దుమ్ము తుడిచింది. పూజ వేళకు మాత్రం రాలేదు. "కడిగేది నా వంతు, పూజ మీ వంతు సార్" అని ముందురోజే నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు కూడా ఓబుళేసుకు గర్వంగానే కనిపించింది. అతను మానిటర్లకు గంధం పూసి, ఒక్కో కీబోర్డుకూ పైఅంచున మూడు కుంకుమ బొట్లు పెట్టాడు. విష్ణువర్ధన్ గుమ్మడికాయ కొట్టి కిందికి దిగిపోయాడు. పూజయ్యాక మరుసటి రోజు దాకా మిషన్ ముట్టుకోరాదు. లారీకైనా, కొడవలికైనా, కంప్యూటర్‌కైనా అదే పద్ధతి.

"దీపం కొండెక్కినాక తాళమేసుకుని పోతా" అన్నాడు ఓబుళేసు.

అందరూ పోయాక ఆరో నంబరు మిషన్ ఆన్ చేశాడు. అది రెబెకాది. ప్రోగ్రాం చెరిపేయడం నిమిషం పని. కానీ చెరిపితే ఎవరో చెరిపారని తెలిసిపోతుంది. లోపలికి పోయి నలుగురైదుగురి మార్కులు అటూ ఇటూ మారిస్తే, రేపు అందరి ముందూ తప్పుడు సర్టిఫికెట్లు వస్తాయి. అప్పుడు ప్రోగ్రాందే తప్పంటారు.

ప్రోగ్రాం తెరవగానే పాస్‌వర్డ్ అడిగింది.

ఓబుళేసు నవ్వుకున్నాడు. ఆమె అప్లికేషన్ నింపింది తనే. ఆమె గురించి తనకు తెలియనిదేముంది? ఆమె పేరు కొట్టాడు, ఇంగ్లీషులో ఆరు అక్షరాలు. కాదంది. శింగనమల. కాదు. తల్లి పేరు మారెమ్మ. కాదు. శింగనమలకు పేరు తెచ్చిన చెరువు. ఏసు, ఏసయ్య, బైబిల్, చర్చి. ఏదీ కాదు. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు కొట్టాడు.  అప్లికేషన్‌లో తల్లి వృత్తి అన్నచోట తన చేత్తో రాసిన మాట గుర్తొచ్చింది. పళ్లు కొరుకుతూ దాన్ని కొట్టాడు. కూలి.

అదీ కాదంది.

మిషన్ ఆపి చూసుకుంటే వేళ్ల కుంకుమంతా కీల మీద ఉంది. కర్చీఫుతో తుడిచాడు. పోకపోగా ఎర్రగా పాకింది. ఏం చేయాలో తోచక, కుంకుమ భరిణె తెచ్చి ఆ మరకల మీదే ఇంకా బొట్లు పెట్టి, తాళమేసి ఇంటికి పోయాడు.

విజయదశమి పొద్దున రెబెకా అందరికంటే ముందొచ్చింది. ఓబుళేసు వచ్చేసరికి ప్రింటర్ కిర్రుమంటోంది. ఆమె కాగితం చింపి, మడిచి, సంచిలో పెట్టుకుంది. 

పది గంటలకు హాలు నిండింది. విష్ణువర్ధన్ ఆరో నంబరు దగ్గర ఆగి, కీబోర్డు చూసి పెద్దగా నవ్వాడు.

"ఏమప్పా ఓబుళేసూ, రెబెకా మిషన్‌కు ఇంత పూజ చేసినావే. మిగతావేం పాపం చేసినాయి?"

అందరూ నవ్వారు. రెబెకా నవ్వలేదు. కీబోర్డు వైపు చూసింది. తర్వాత ఓబుళేసు చేతుల వైపు చూసింది.

సర్టిఫికెట్లు ఒక్క తప్పు లేకుండా వచ్చాయి. తల్లిదండ్రులు తమ పిల్లల పేర్లను వేలితో తడిమి చూసుకున్నారు. విష్ణువర్ధన్ మీసం దువ్వుకుంటూ అడిగాడు.

"మన పాత ప్రోగ్రాంకు, దీనికి తేడా ఏంది పాపా?"

"దీంట్లో ఎవరన్నా తప్పు పాస్‌వర్డ్ కొడితే, కొట్టిన మాటను ఒక ఫైలులో రాసిపెట్టుకుంటాది సార్. ఏ రోజు, ఏ గంట, ఏం కొట్టినారు, అన్నీ."

ఓబుళేసు ఆమె సంచి వైపు చూశాడు. సంచిలోని కాగితమేమిటో అప్పుడు తెలిసింది.

"అట్లనా. చూపీ మరి."

రెబెకా చేయి మౌస్ మీద ఆగింది.

"నిన్న ఆయుధపూజ గదా సార్. మిషన్ ముట్టుకునేవాళ్లు ఎవరుంటారు?"

"అదీ నిజమే" అని విష్ణువర్ధన్ స్వీట్ల పెట్టె వైపు తిరిగాడు.

జనం పోయాక ఆమె ఓబుళేసు బల్ల మీద కాగితం పెట్టింది. పది మాటలు, వరుసగా. పక్కన నిమిషాలతో సహా టైము.

"సంవత్సరం నుంచి మీ దగ్గర ఉండా. నన్ను గురించి మీకు తెల్సింది ఇదేనా సార్?"

 చివరి మాట దగ్గర అతని చూపు ఆగిపోయింది. వానల్లేని ఏళ్లలో తన తల్లి గంగక్క కూడా ఇతరుల చేలలో శెనక్కాయలు పెరికింది. ఆ కూలి డబ్బులతోనే తన బీయస్సీ మొదటి ఏడాది గడిచింది.

"రెబెకా, నేను..."

"మీ పాస్‌వర్డ్ నాకు చేరిన నెలలోనే తెల్సు. బీయస్సీ ఫస్ట్‌క్లాస్. పిల్లోళ్లందరికీ తెల్సు. ఎవరం ముట్టుకోలేదు." ఆమె సంచి తగిలించుకుంది. "నన్ను అడిగింటే ప్రోగ్రాం లోపల ఎట్లుంటాదో చూపించేదాన్ని సార్."

ఆమె మెట్లు దిగింది. సిగ్గుతో చచ్చిపోతున్న ఆ నిమిషంలో కూడా అతని మనసులో ముందుగా లేచిన మాట వేరే. తప్పు మాటలను రాసిపెట్టుకునే ఉపాయం మూడేళ్లలో నాకెందుకు తట్టలేదు?

సాయంత్రం విష్ణువర్ధన్ విత్తనాల అంగడి ముందు నిలబెట్టి అడిగాడు. "నువ్వే చెప్పప్పా. గోరంట్లకు ఎవరిని పంపేది? నువ్వేమంటే అదే."

తనకంటే అనుభవం ఎవరికుందని ఒక్క మాటంటే చాలు, బోర్డు తనది. 

"రెబెకాను పంపన్నా. ఆ పాప పని నాకంటే బాగుండాది."

"నీకు బాధ లేదా?"

"ఉండాది" అన్నాడు ఓబుళేసు.

విష్ణువర్ధన్ అతన్ని కొత్తగా చూసి, భుజం తట్టాడు. ఆ తట్టడం ఓబుళేసుకు గుచ్చుకుంది. ఆమె చేసిన మేలుకు బదులుగా అన్నానా, లేక ఆమె వెళ్లిపోతే కళ్యాణదుర్గంలో మళ్లీ నేనొక్కడినే కంప్యూటర్ సారునవుతానని అన్నానా? రెండూ నిజమే. ఏది ఎక్కువో తూకం వేసుకునే ధైర్యం లేక పైకి వెళ్లాడు.

తన మిషన్ ముందు కూర్చుని, తన పాత ప్రోగ్రాం తెరిచాడు. ముందు పాస్‌వర్డ్ మార్చాలి. ఊరి పేరు అందరికీ తెలుసు. నాయన సుంకన్న పేరు తెలుసు. డిగ్రీ, మార్కులు, పాసైన సంవత్సరం, అన్నీ తనే చెప్పుకున్నాడు. తన గురించి బయటివాళ్లకు తెలియని మాట ఒక్కటైనా ఉందా అని చాలాసేపు వెతుక్కున్నాడు.

ఒకటి దొరికింది. ఆరు అక్షరాలు. ఆర్‌తో మొదలుపెట్టి ఒక్కో కీ మెల్లగా నొక్కాడు. ఎంటర్ మీదికి వేలు పోయి ఆగింది. ఊరంతటిలో ఎవరూ దీన్ని కనిపెట్టలేరు, ఒక్క మనిషి తప్ప. ఆమె మొదటిసారికే కొట్టేస్తుంది.

ఆ ఆరు అక్షరాలనూ ఒక్కొక్కటిగా చెరిపేసి, ఓబుళేసు మళ్లీ మొదటి నుంచి ఆలోచించడం మొదలుపెట్టాడు.